సాంచాలు ఆగిన మధ్యాహ్నం

కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు దాని తెరను చూస్తారని మీరనుకుంటారు. నేను పాఠాలు చెప్పిన తొలి రోజుల్లో నా విద్యార్థులు సగంసేపు గోడను చూసేవాళ్లు. గోడకు రేకు పెట్టెలో ఒక స్టెబిలైజరు బిగించి ఉండేది. దాని ముఖాన, గాజు వెనక, సన్నటి ముల్లు. ఆ ముల్లు మధ్యలో పచ్చ గీత మీద ఉన్నంతసేపూ మా ప్రాణాలు మా దగ్గరే ఉండేవి. ఎడమ పక్కన ఎర్ర గీత మీదికి వాలిందంటే మాత్రం టక్కుమని ఒక చప్పుడు, ఆరు తెరలూ ఒక్కసారే చీకటి. అప్పటిదాకా కొట్టిందంతా గాల్లో కలిసిపోయేది. ఆరుగురి నోటా ఒకే మాట వచ్చేది, ఏడో నోరు నాది. ఆ మాట ఇక్కడ రాస్తే మీరు పుస్తకం మూసేస్తారు.

జేబులో ఫోను పెట్టుకుని తిరిగే మీకు ఇదంతా తమాషాగా ఉంటుంది. ఉండనివ్వండి. నాకూ ఇప్పుడు తమాషాగానే ఉంది. అప్పుడు మాత్రం రోజూ ఏడుపొక్కటే తక్కువ.

ఇది తొంభైల మొదట్లో, మహారాష్ట్రలోని షోలాపూర్‌లో సంగతి. నేను భవాని పేట్‌లో తెలుగు నేతవాళ్ల ఇంట్లో పుట్టాను. పుణెలో ఏడాదిపాటు కంప్యూటరు కోర్సు చదివి, ఒక సర్టిఫికెట్టుతోనూ ఇంటి నుంచి తీసుకెళ్లిన కోపంతోనూ తిరిగొచ్చాను. నీలం నగర్‌లో మా సమాజం వాళ్లు పెళ్లిళ్లకని కట్టుకున్న హాలు ఒకటుంది. దానిలో ఒక పక్క ప్లైవుడ్డు గోడ అడ్డంపెట్టి, యువజన శిక్షణ కేంద్రమని బోర్డు రాయించి, నన్ను టీచరుగా కూర్చోబెట్టారు. పుణెలోని ఒక సంస్థ ఆరు కంప్యూటర్లు ఇచ్చింది. ఇచ్చింది అంటే అరువు. తొలి బ్యాచ్ ఆరుగురూ ఆ సంస్థ పెట్టే ప్రాక్టికల్ పరీక్ష పాసైతే కంప్యూటర్లు మా దగ్గరే ఉంటాయి, కేంద్రానికి గుర్తింపు వస్తుంది. ఒక్కరు తప్పినా లారీ వచ్చి అన్నీ ఎక్కించుకుపోతుంది. ఆ షరతు ఒప్పుకుంటూ సమాజం పెద్దలు సంతకాలు చేశారు. చదివి చేశారో, టీ తాగుతూ చేశారో నాకు తెలీదు.

కరెంటు సంగతి చెప్పాలి. నీలం నగర్‌లో గల్లీ గల్లీకీ మరమగ్గాల కార్ఖానాలే. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. టవళ్లు, చద్దర్లు నేస్తూ పొద్దు పొడవకముందు నుంచీ అవి దడదడలాడుతూనే ఉంటాయి. మా హాలుకూ ఆ గల్లీ కార్ఖానాలకూ కరెంటు ఒకే ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చేది. భోజనాలయ్యాక సాంచాలన్నీ ఒక్కసారి మొదలైతే మా ముల్లు మూర్ఛపోయేది. బ్యాటరీ పెట్టెలు కొనే స్తోమత లేదు. పెళ్లిళ్ల జనరేటరు అద్దెకు తెచ్చి చూశాం. దాని కరెంటుకు ముల్లు పూనకం వచ్చినట్టు ఊగితే భయపడి తిప్పి పంపేశాం.

అదే హాల్లో టైపు నేర్పే ఒక మాస్టారు ఉండేవారు. తల నెరిసిన మనిషి, తెల్ల టోపీ, చేతిలో ఎప్పుడూ ఒక రబ్బరు. నా కంప్యూటర్లు ఆగిపోయినప్పుడల్లా ప్లైవుడ్డు గోడ మీదుగా తల పెట్టి, "మేడం, నా మిషినుకు లైటు అక్కర్లేదు, ఏక్‌దం ఆరోగ్యంగ ఉన్నది" అనేవారు. కరెంటును మావాళ్లు లైటంటారు. ఆయన పీక పిసకాలనిపించేది. కానీ పిల్లలను ఉద్యోగానికి సిద్ధం చేసే పని కూడా ఆయనదే కాబట్టి ఊరుకునేదాన్ని. గదిలోకి ఎలా రావాలి, తలుపు చప్పుడు కాకుండా ఎలా వేయాలి, ఎదుటివాడు కూర్చోమన్నాకే ఎలా కూర్చోవాలి, అన్నీ ఆయనే నేర్పేవారు. మావాళ్లకు అన్నిటికంటే కష్టమైన పాఠం మెల్లగా మాట్లాడటం. సాంచాల చప్పుడులో పుట్టి పెరిగిన గొంతులు మరి. ఒకడు నమస్కారం పెడితే హాలు వెంటిలేటర్లో పావురాలు లేచిపోయేవి. అరిచినా వినబడని చోట చేతులతో మాట్లాడటం మాకు అలవాటు. పోగు తెగింది, టీ వచ్చింది, మాల్కు (అంటే యజమాని) వస్తున్నాడు, నీ ముఖం, అన్నీ వేళ్లతోనే అయిపోతాయి. ఉత్తుత్తి ఇంటర్వ్యూలో కూడా చేతులు ఊపేసేవాళ్లు. మాస్టారు విసిగిపోయి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమనేవారు.

వారానికో అరగంట నాయకత్వం మీద పాఠం చెప్పే బాధ్యత నాది. పుణె వాళ్లు పంపిన చిన్న పుస్తకంలో నాయకుడికి దూరదృష్టి ఉండాలని రాసి ఉండేది. నేను చదివేదాన్ని, వాళ్లు ఆవులించేవాళ్లు. బ్యాచ్‌కి ఒక లీడరును ఎన్నుకోవాలని కూడా అందులో ఉంది. సమాజం అధ్యక్షుడి అన్న కొడుకును ఎన్నుకున్నారు. ఎందుకంటే అతనికి మోటారుసైకిలు ఉంది, నల్ల కళ్లద్దాలు ఉన్నాయి. దూరదృష్టి ఆ అద్దాల వెనక ఎక్కడో ఉంటుందని మేమంతా అనుకున్నాం.

ఆ ఆరుగురిలో ఒక అమ్మాయి ఉండేది. ఇరవై ఏళ్లుంటాయేమో. తండ్రి మా గల్లీలోనే ఒక కార్ఖానాలో సాంచా నడిపేవాడు, తల్లీ కూతురూ ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లు. చేట ఒళ్లో పెట్టుకుని, ఆకు చుడుతూ, నేను చెప్పిన కమాండ్లు వల్లె వేసేది. క్లాసుకు వస్తే తన వేళ్ల నుంచి పొగాకు వాసన వచ్చేది, ఆ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తేవి. హోట్‌గి రోడ్డులో టవళ్లు విదేశాలకు పంపే ఒక కంపెనీ ఆఫీసు ఉంది. కంప్యూటరు వచ్చిన మనిషి కావాలని వాళ్లు మాస్టారుకు కబురు పెట్టారు. మాస్టారు ఈ పిల్ల పేరు చెప్పారు. సర్టిఫికెట్టు చేతిలో పట్టుకుని రమ్మన్నారు కంపెనీవాళ్లు. ఇంట్లో తల్లి తేల్చి చెప్పేసింది: పాసైతే ఆఫీసు, లేకపోతే చేట. అందులో కోపమేం లేదు. ఇంట్లో రెండు చేతుల పని సగం ఆగిపోయింది, ఎన్నాళ్లని ఆగుతుంది?

పరీక్షను మేం కార్ఖానాల వారపు సెలవు రోజున పెట్టించుకున్నాం. ఆ రోజు ఎప్పుడూ మా క్లాసు పెట్టలేదు కానీ, సాంచాలుండవు కాబట్టి ముల్లు బుద్ధిగా ఉంటుందని మా లెక్క. అంతా కుదిరిందని సంతోషిస్తుంటే పుణె నుంచి ఫోను వచ్చింది. పరీక్షాధికారికి ఆ రోజు వీలుకాదట, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి మూడున్నర దాకా పెడతారట. అది తప్ప వేరే తేదీ లేదట. మధ్యలో మిషను ఆగితే ఆ అభ్యర్థి మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి, అదనపు సమయం ఉండదు. నేను ఫోనులో అరిచిన అరుపులకు మాస్టారే వచ్చి రిసీవరు లాక్కుని పెట్టేశారు. "మెల్లగ మాట్లాడే పాఠం మీకు గుడ చెప్పాలె" అన్నారు.

మా ఎన్నికైన లీడరు అర్జీ రాద్దామన్నాడు. రాశాడు, అందరిచేతా సంతకాలు పెట్టించాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పెద్ద సేటు దగ్గరికి వెళ్లాడు. గల్లీలోకెల్లా పెద్ద కార్ఖానా ఆయనది, సరిగ్గా మా హాలుకు ఎదురుగా. ఆయన సాంచాలు ఆగితే అందరివీ ఆగుతాయి, ఆయనవి నడిస్తే అందరివీ నడుస్తాయి. సేటు ఆ కుర్రాడి చేత అద్దాలు తీయించి, టీ తాగించి, దస్తూరీ బాగుందని మెచ్చుకుని పంపేశాడు.

అప్పుడు లేచింది ఆ అమ్మాయి.

"మేడం, మాల్కులను మనం ముందుగాల అడిగినం, గదే తప్పు," అంది. "సాంచా నడిపేటోళ్లు మన అయ్యలు, మన కాకలు. వాళ్లను అడుగుదాం. వాళ్లు సరే అంటే అప్పుడు సేటు దగ్గరికి పోదాం."

ఎవరి బంధువులు ఏ కార్ఖానాలో ఉన్నారో చూసి ఆరుగురినీ పంచింది. ఆ సాయంత్రం షిఫ్టు మారే వేళకు ఒక్కో గేటు దగ్గర ఒక్కొక్కరు నిలబడ్డారు. మోటారుసైకిలు కుర్రాడిని కూడా ఒక గేటుకు పంపింది, బండి హాలు దగ్గరే వదిలి నడిచి వెళ్లమంది. వాడు నోరెత్తకుండా నడిచి వెళ్లాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నెలల తరబడి పుస్తకంలోంచి చదివి చదివి నేను చేయలేనిది కళ్ల ముందు జరిగిపోతుంటే ఒళ్లు పులకరించింది. నా విద్యార్థి! అని ఎవరికైనా చెప్పాలనిపించి, వెనక్కి తిరిగి మాస్టారుకే చెప్పాను.

గజాల లెక్కన కూలి తీసుకునే మనుషులు వాళ్లు. సాంచా ఆగితే నష్టం వాళ్లకే. అయినా తర్వాత పూడ్చుకుంటామని ఒప్పుకున్నారు. "సేటు గుడ ఊఁ అంటే బస్, కాళ్‌జీ వెట్టుకోకుండ్రి" అన్నారు, దిగులు పడొద్దని. మర్నాడు పొద్దున్నే నేనూ మాస్టారూ ఆ అమ్మాయీ సేటు కార్ఖానాకు వెళ్లాం. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భారీ మనిషి, కుర్చీ కనబడదు.

"ఏంది మేడం, మల్ల అర్జీయా?" అన్నాడు.

"అర్జీ లేదు మామా," అంది అమ్మాయి. "మంగళారం రెండు గొట్టంగ సాంచాలు బంద్ వెట్టాలె. మూడున్నరకు చాలూ చేసుకోండ్రి. గంతే."

"ఎందుకు?"

"మా పరీక్ష. మీ సాంచాలు నడుస్తే మా మిషిన్లు పండుకుంటయి మామా. పండుకుంటే మేం ఆరుగురం ఫేల్."

సేటు నవ్వాడు. "పిల్లా, ఈ సాంచాలు మా నాయిన సచ్చిన్నాడు బంద్ అయినయి. మొన్న పక్కింటి ముసలమ్మ పోయిన్నాడు బంద్ అయినయి. పరీక్ష కోసం ఎవడన్న బంద్ వెడ్తడా?"

"గదే నేనంటున్న మామా. సచ్చినోళ్ల కోసం పూటంత బంద్ వెడ్తరు. బతుకుదామనేటోళ్ల కోసం గంటన్నర వెట్టరా?"

మాస్టారు నేర్పినట్టే అంది, గొంతు పెంచకుండా. ఆ సాంచాల హోరులో ఆ మాట సేటుకు చెవిలో పడిందో, పెదాలు చూసి అర్థం చేసుకున్నాడో కానీ, ఆ పిల్ల వైపు తిరిగి చూశాడు. తర్వాత నోట్లో పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "ఎవలి బిడ్డవే నువ్వు?" అన్నాడు.

"మీ తాన మూడో వరసల సాంచా నడిపేటాయన బిడ్డను."

"గాయన నోట్లకెల్లి మాటనే రాదు గదనే! నీకు యాడికెల్లి వచ్చింది?" అని మాకు మూడు కప్పుల చహా తెప్పించాడు. ఒప్పుకున్నట్టే. బయటికొచ్చాక ఎగిరి గంతేసింది నేనే. టీచరునన్న సంగతి మరిచిపోయాను. గల్లీలో అందరూ చూశారు, చూడనివ్వమన్నాను.

అంతా బాగానే ఉంది. కానీ ఒక్క విషయం మాలో ఒక్కరికీ తట్టలేదు.

మంగళవారం వచ్చింది. పరీక్షాధికారి పుణె నుంచి పొద్దుటి రైలుకు దిగాడు. బక్కపలచటి మనిషి, ఆ ఎండలో కోటు, సొంత నీళ్ల సీసా. హాలు బయట సాంచాల హోరు విని చెవులు మూసుకున్నాడు. ఇక్కడ పరీక్ష ఎలా పెడతారని నన్నడిగాడు. రెండు కానివ్వండి సార్, అన్నాను. సేటు అప్పటికే మా హాలు వెనక మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. ఒప్పుకోనంతసేపూ ఒప్పుకోలేదు కానీ, ఒప్పుకున్నాక పరీక్ష ఆయనదే అయిపోయింది. వెనక గల్లీలో ఎవడైనా పొరపాటున సాంచా వేస్తాడేమోనని కాపలా.

రెండయింది. ఎదురుగా సేటు కార్ఖానా ఆగింది. దాని పక్కది ఆగింది, ఆ పక్కది ఆగింది. చప్పుడు గల్లీ చివరిదాకా వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయింది. హాల్లో ఫ్యాన్ తిరుగుతుంటే కిర్రుమంటుందని ఆ రోజే తెలిసింది. ముల్లు పచ్చ గీత మీద బొమ్మలా నిలబడింది. ఆరుగురూ ఒకసారి గోడ వైపు చూసి, తెరల వైపు తిరిగి కొట్టడం మొదలుపెట్టారు. ఉత్తరం ఒకటి, పట్టిక ఒకటి, ఫ్లాపీలో దాచడం, కాగితం మీద అచ్చు తీయడం. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. మాస్టారు చూడకుండా కిటికీ వైపు తిరిగాను.

కిటికీలోంచి చూస్తే, సేటు కార్ఖానా ముందు ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

కాసేపటికి ఇద్దరు. మరి కాసేపటికి పదిమంది. పక్క గల్లీ మగవాళ్లు టోపీలు తీసి చేత పట్టుకుని వస్తున్నారు. ఒకాయన చేతిలో పూలదండ. అంతలో భవాని పేట్ వైపు నుంచి ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి సేటు అక్కగారు దిగి, రెండు చేతులతో గుండె మీద బాదుకోవడం మొదలుపెట్టింది. నా పక్కన మాస్టారు గబుక్కున టోపీ తీసేసి, "అయ్యో, ఎవరు పోయిన్రు మేడం?" అని గుసగుసలాడారు.

అప్పుడు వెలిగింది నాకు. మా వాడల్లో ఒక పద్ధతి ఉంది. గల్లీలో ఎవరైనా చనిపోతే ఎవరూ కబురు పంపరు. దగ్గరి కార్ఖానా ఆగుతుంది, ఆ ఆగడం విని పక్కది ఆగుతుంది, అలా గల్లీ మొత్తం. శవం లేచాకే మళ్లీ మొదలు. పట్టపగలు పని రోజున గల్లీ అంతా నిశ్శబ్దమైతే మాకు దానికి ఒకటే అర్థం. ముందు ఆగింది పెద్ద సేటు కార్ఖానా. గుమ్మంలో కుర్చీ ఖాళీ. ఇంకేం కావాలి? చావు గురించి నోరారా మాట్లాడి మరీ సాంచాలు ఆపించిన మాకు, పక్క గల్లీ వాళ్లు ఏమనుకుంటారన్నది తట్టనే లేదు. అందరం సాంచాల మధ్య పుట్టినవాళ్లమే!

అక్కగారి గొంతు ఇంకా పూర్తిగా లేవలేదు. లేస్తే పుణె దాకా వినబడుతుంది. నేను పరుగెత్తేలోపే వెనక మెట్ల మీది నుంచి సేటు హాలు చుట్టూ తిరిగి ముందుకు వచ్చాడు, తన కార్ఖానా ముందు ఎవరు ఏడుస్తున్నారా అని. జనం ఆయన్ను చూశారు. ఆయన జనాన్ని చూశాడు. అక్కగారు నోరు తెరిచింది. సేటు వేలు పెదాల మీద పెట్టుకుని, రెండో చేత్తో హాలు వైపు చూపించి, వేళ్లతో టైపు కొడుతున్నట్టు ఆడించాడు. లోపల పరీక్ష, అరవద్దు.

అంతే, అలవాటైన చేతులు కదా, జనమంతా చేతులతోనే అందుకున్నారు. నువ్వు పోలేదా? పోలేదు. మరి ఎవరు పోయారు? ఎవరూ పోలేదు. మరి సాంచాలు ఎందుకు ఆపావు? పరీక్ష. ఎవరికి? పిల్లలకు. నీకు బుద్ధుందా? దండ తెచ్చినాయన దండను వీపు వెనక దాచుకున్నాడు. అక్కగారు తమ్ముడి వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది, చప్పుడు రాకుండా. పరీక్షాధికారి కిటికీ దగ్గరికి వచ్చి, నోళ్లు మూసుకుని చేతులు ఊపుతున్న ఆ వందమందినీ చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

నేను నవ్వు ఆపుకుంటుంటే మాస్టారు నా మోచేయి గిల్లారు. "మేడం, ముల్లు చూడుండ్రి. మంచిగున్నది, ఇంక పైకే పోతున్నది!" ఆయన ముఖం వెలిగిపోతోంది.

చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముల్లు పచ్చ గీత దాటి కుడివైపు వెళుతోంది. అటు పక్కన కూడా ఒక ఎర్ర గీత ఉందన్న సంగతే మేం మరిచిపోయాం. ఎప్పుడు చూసినా కరెంటు తక్కువై చచ్చినవాళ్లం, ఎక్కువై చావడం మాకేం తెలుసు? సేటు పోయాడన్న మాట పాకి, గౌరవంగా పక్క గల్లీలు ఆగాయి, ఆ పక్కవీ ఆగాయి, నీలం నగర్ సగం ఆగిపోయింది. సాంచాల బరువుకు సరిపోయేలా కరెంటు వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్లలో వోల్టేజీని ఎక్కువగా పెట్టి ఉంచారు. బరువు లేకపోయేసరికి కరెంటు పొంగుకొస్తోంది. ముల్లు ఆ కుడి గీతను తాకిందా, అదే టక్కు, అదే చీకటి. ఇంకా అరగంట పరీక్ష ఉంది.

బయటికి ఉరికాను. సేటు ముందు నిలబడి, మా నాన్న దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న చేతులతో చెప్పాను: సాంచాలు వెయ్యి! ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మొన్న ఆపమన్నావు, ఇప్పుడు వెయ్యమంటావు, పిచ్చా? అన్నాయి ఆయన చేతులు. కిటికీలోని స్టెబిలైజరు చూపించి, ముల్లు ఎటు పోతోందో అరచేత్తో చూపించాను. పని ఆపి వెళ్లినవాళ్లు ఎక్కడో టీ బండి దగ్గర ఉన్నారు. సేటు ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. గుంపులో, కాళ్లకు చెప్పులు లేకుండా, జుట్టులో దూది నూగుతో, కళ్లు ఎర్రగా ఒకాయన నిలబడి ఉన్నాడు. సేటు తమ్ముడు. కార్ఖానా పంపకాల దగ్గర చెడి వేరుపడినవాడు. ఇద్దరికీ మాటల్లేవని ఊరంతా ఎరుగును. సేటు ఆయన్ను చూసి తల ఊపాడు. రా.

అన్నదమ్ములిద్దరూ కార్ఖానాలోకి పరుగెత్తారు. ఆ భారీ మనిషి అంత వేగంగా కదలడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఒక సాంచా దడదడమంది. తర్వాత ఇంకోటి. నేను రోడ్డు మధ్యలో నిలబడ్డాను. కిటికీలో మాస్టారు ముల్లు ఎలా కదిలితే అలా చెయ్యి వంచుతున్నారు, నేను ఆ చేతిని చూసి కార్ఖానా వైపు తిరిగి చెయ్యి ఊపుతున్నాను. ఇంకోటి వెయ్యి. ఇంకోటి. చాలు. ఉహూఁ, ఎక్కువైంది, ఒకటి ఆపు. ఆఁ! అలాగే ఉంచు! నా వెనక వందమంది కూడా నాతో పాటే చేతులు ఊపుతున్నారు, ఏం జరుగుతోందో సగంమందికి తెలియకపోయినా. అక్కగారయితే అందరికంటే గట్టిగా ఊపుతోంది.

మొదటి సాంచా మోగినప్పుడు లోపల ఆ అమ్మాయి వేళ్లు ఆగాయి. గోడ వైపు చూసింది, కిటికీలోంచి నా వైపు చూసింది. ఆ కళ్లలో భయం నాకు రోడ్డు మీదికి కనబడింది. అంతా అయిపోయిందనుకుంది పాపం. కొట్టు, కొట్టు, అని చేత్తో చూపించాను. తల దించి మళ్లీ మొదలుపెట్టింది.

మూడున్నరకు ప్రింటరు గీపెట్టింది. ఆరు కాగితాలు బయటికొచ్చాయి. తెరలు ఒక్కసారి కూడా ఆరలేదు. పరీక్షాధికారి ఫ్లాపీలు సంచీలో సర్దుకుని, ముందు వరసలో ఉన్న ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, బయటి జనం వైపు చూపిస్తూ గొంతు తగ్గించి, "కోణ్ వారలే?" అని అడిగాడు. ఎవరు పోయారు అని.

ఆ అమ్మాయి లేచి నిలబడి, మాస్టారు నేర్పిన మెత్తటి గొంతుతో, "కోణీచ్ నాహీ సర్" అంది. ఎవరూ పోలేదు సార్ అని. ఆ మాట అంటూనే ఏడ్చేసింది. ఇక మెల్లగా మాట్లాడే పని అయిపోయింది కాబట్టి మిగతా ఐదుగురూ ఒక్కసారే అరిచారు, పావురాలన్నీ లేచిపోయాయి. నేను అరిచానో లేదో గుర్తులేదు. మాస్టారు అరిచారు, అది గుర్తుంది.

ఆరుగురూ పాసయ్యారు. మోటారుసైకిలు కుర్రాడు బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు. లారీ రాలేదు. ఆ అమ్మాయి సర్టిఫికెట్టు పట్టుకుని హోట్‌గి రోడ్డుకు వెళ్లి, మర్నాటి నుంచే పనిలో చేరింది. ఇంట్లో చేట అటకెక్కింది. సేటు మాత్రం వారం పాటు కుర్చీలో కూర్చుని, తన చావుకు ఎవరెవరు వచ్చారు, ఎవరెవరు రాలేదు అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. రానివాళ్లు వచ్చి సంజాయిషీలు ఇచ్చుకున్నారు. తమ్ముడి గురించి మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు. సాయంత్రాలు గుమ్మంలో రెండో కుర్చీ కనబడటం మేమే చూశాం.

నేను నాయకత్వం పుస్తకాన్ని ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చదివి వినిపించాను, చదవకపోతే పుణె వాళ్లు ఒప్పుకోరు కాబట్టి. కానీ చదివే ముందు ఈ కథ చెప్పేదాన్ని. ఆవులింతలు తగ్గాయి.

రెండో బ్యాచ్ పరీక్ష కూడా పని రోజునే పడింది. సేటును అడగడానికి వెళ్తే, నేను నోరు తెరవకముందే ఊఁ అన్నాడు. కానీ మళ్లీ జనం దండలు పట్టుకొస్తే ఎలా, నీలం నగరంతా ఆగిపోతే ఎలా అని నాకు నిద్ర లేదు. పరీక్ష రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. అందరం ఏం చేద్దామని కొట్టుకుంటుంటే, హాల్లోంచి నల్లబల్ల ఊడదీయించి, నలుగురిచేత మోయించి, గల్లీ మొదట్లో రోడ్డు వైపు తిప్పి పెట్టించింది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, తెలుగు రాత అంతంతమాత్రమే. మాట్లాడినట్టే రాసింది, కింద మరాఠీలో మళ్లీ రాసింది.

"ఇయ్యాల మా గల్లీల ఎవ్వరు సావలేదు. పిల్లల పరీక్ష ఉన్నది. మీ సాంచాలు మీరు నడుపుకోండ్రి."

సేటు వచ్చి, చదివించుకుని విన్నాడు. "నేను మంచిగున్న అని గుడ రాయవే" అన్నాడు.

"జాగ లేదు మామా," అంది ఆ అమ్మాయి సుద్దముక్క దులుపుకుంటూ. "మీరు పక్కన నిలవడుండ్రి, సాలు."

పరీక్ష అయ్యేదాకా ఆ ఎండలో సేటు నల్లబల్ల పక్కనే నిలబడ్డాడు.